తీగ మీద మాట – 11: భాష అందరిదీ, పట్టిక కొందరిదీ

గత వారం టెలిప్రింటర్ దగ్గర ఆగాం. ఫ్రాన్సులో బోదో 1874లో పేటెంటు తీసుకున్న అయిదు బిట్ల కోడు, అక్షరానికి ముందొక స్టార్ట్ బిట్, వెనకొక స్టాప్ బిట్ పెట్టే పద్ధతి ఎలా స్థిరపడ్డాయో చూశాం. ఆ బిట్లు ఫ్యాక్టరీలోకి, పంపుహౌస్‌లోకి, మన కాలువ గట్టు మీదికి ఎలా వచ్చాయన్నది ఈ వారం సంగతి. ఆ కథ అమెరికాలో మొదలవుతుందని పుస్తకాల్లో రాస్తారు. నేను మాత్రం ముందు గుడుపల్లె స్టేషన్లో దిగుతాను.

జోలార్‌పేట నుంచి బెంగళూరు కంటోన్మెంటు దాకా మద్రాసు రైల్వే కంపెనీ వేసిన లైను మీద 1864 ఆగస్టులో బండ్లు నడవడం మొదలైంది. తమిళ నేల మీద బయల్దేరిన బండి కొద్ది స్టేషన్ల పాటు మన చిత్తూరు జిల్లాలో పరిగెత్తి, కన్నడ నేలలోకి వెళ్లిపోతుంది. కుప్పం, గుడుపల్లె, బిసానత్తం ఆ కొద్ది స్టేషన్లలోవి. బిసానత్తం దాటాక కామసముద్రం, ఆపైన బంగారుపేట. బంగారుపేట నుంచి కోలారు గనులకు 1894లో వేరే లైను చీల్చారు.

పక్కపక్క స్టేషన్ల మాస్టర్లు ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఒక స్టేషన్ నుంచి బండిని వదలాలంటే అవతలి స్టేషన్ దాకా దారి ఖాళీగా ఉందని రూఢి కావాలి. దానికి రైల్వేవాళ్లు పెట్టుకున్న భాష తీగ మీద పంపే గంట దెబ్బలు. ఒక దెబ్బ కొడితే ‘ఇటు చూడు’ అని. రెండు కొడితే ‘లైన్ క్లియరా?’ అని. మూడు, బండి సెక్షన్లోకి, అంటే రెండు స్టేషన్ల మధ్య దారిలోకి, వచ్చింది. నాలుగు, బండి సెక్షన్ దాటింది. ఆరు దెబ్బలు వరసగా వినపడితే ప్రమాదం, అన్నీ ఆపు. విన్నవాడు తిరిగి అన్నే దెబ్బలు కొట్టాలి. ఎన్ని విన్నాడో అన్నే తిరిగి కొడితేనే కబురు చేరినట్టు లెక్క. తిరుగు దెబ్బ రాకపోతే కబురు చేరనట్టే.

ఈ దెబ్బల పట్టికను, గంటలు పంపే బ్లాక్ పరికరం దగ్గర, అందరికీ కనపడేలా వేలాడదీయాలని రైల్వే రూల్సులోనే ఉంది. కొత్తగా బదిలీ మీద వచ్చిన స్టేషన్ మాస్టరు ఎవరినీ అడగనక్కర్లేదు. తలెత్తి చూస్తే చాలు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. ఈ వారం చెప్పేదంతా చివరికి ఆ గోడ మీది పట్టిక దగ్గరికే వస్తుంది.

ఆ పక్కనే గనుల్లోనూ ఇదే పద్ధతి. కోలారు గనులకు 1902లో శివనసముద్రం జలపాతం నుంచి 92 మైళ్ల తీగ మీద కరెంటు వచ్చింది. ఆ రోజుల్లో అది ప్రపంచంలోనే పొడవైన లైన్లలో ఒకటి. ఆ కరెంటుతో తిరిగే వైండింగ్ ఇంజను డ్రైవరు గని నోటి దగ్గర పైన ఉంటాడు, మనుషులను దించే కేజ్ ఎక్కడో భూగర్భంలో ఉంటుంది. ఇద్దరి మధ్యా గంటే. కేజ్ కదులుతుండగా ఒక్క దెబ్బ మోగితే ఆపెయ్యాలి. అందులో వాదనకు చోటు లేదు. మన బిసానత్తం, చిగురుగుంట గనుల వరకూ పాకిన ఆ బంగారు పని భారత్ గోల్డ్ మైన్స్ 2001లో మూతపడేదాకా నడిచింది.

ఇప్పుడు అమెరికా పోదాం.

1968 జనవరి 1. కొత్త సంవత్సరం పూట డిక్ మోర్లీ అనే ఇంజినీరు ఒక మెమో రాసుకున్నాడు. బెడ్‌ఫోర్డ్ అసోసియేట్స్ అనే చిన్న సంస్థ ఆయనది. ప్రతి కొత్త మెషీన్‌కూ మళ్లీ మొదట్నుంచీ కంట్రోలు గీయడం ఆయనకు విసుగు పుట్టించింది. అదే ఏడాది జనరల్ మోటార్స్‌లో గేర్‌బాక్సులు తయారుచేసే హైడ్రామాటిక్ విభాగం కూడా అలాంటి విసుగుతోనే ఒక స్పెసిఫికేషన్ బయటపెట్టింది. వాళ్ల దగ్గర మోడల్ మారినప్పుడల్లా రిలేలతో నిండిన బీరువాలను విప్పి, వైర్లు పీకి, మళ్లీ కట్టాల్సి వచ్చేది. వైరు మార్చకుండా ప్రోగ్రాం మార్చే పెట్టె కావాలన్నారు. అలాంటి పెట్టెను బెడ్‌ఫోర్డ్ వాళ్లు చేశారు. అది వాళ్ల 84వ ప్రాజెక్టు కనక దానికి 084 అని పేరు పెట్టి, అమ్మడానికి మోడికాన్ అనే కంపెనీ పెట్టారు. 1969లో ఆ పెట్టె ఫ్యాక్టరీకి చేరింది. ఈ రోజు ప్యానెల్ బోర్డులు కట్టేవాళ్లు పీఎల్‌సీ అంటున్నది దాని సంతానాన్నే. మన దగ్గర చూస్తే, హైదరాబాదులో 1967లో పుట్టిన ఈసీఐఎల్ అదే 1969 ప్రాంతంలో టీడీసీ-12 కంప్యూటరు తయారుచేస్తోంది. కాలంలో మనం మరీ అంత వెనకేమీ లేం.

పీఎల్‌సీ వచ్చాక కొత్త చిక్కు పుట్టింది. రిలే బీరువా అయితే తలుపు తీసి చూస్తే ఏ రిలే పడిందో, ఏది లేచిందో కళ్లకు కనపడేది. పీఎల్‌సీలో ఏం జరుగుతోందో బయటికి కనపడదు. లోపలి సంగతి అడిగి తెలుసుకోవడానికి తీగ కావాలి, తీగ మీద ఒక భాష కావాలి. తీగ అప్పటికే ఉంది. అమెరికా ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘం 1960లో ఆర్‌ఎస్-232 ప్రమాణం తెచ్చింది. కానీ అది మోడెముకూ టెర్మినల్‌కూ మధ్య వాడకం కోసం పుట్టింది. 50 అడుగులు దాటితే నమ్మలేం, ఒక కొసకు ఒక యంత్రమే తగిలించగలం. పాతిక మెషీన్లున్న షెడ్డుకు అది చాలదు.

భాష 1979లో వచ్చింది. అప్పటికి మోడికాన్‌ను గౌల్డ్ కంపెనీ కొనేసింది. తమ పీఎల్‌సీలు మాట్లాడుకోవడానికి వాళ్లు పెట్టిన పద్ధతి పేరు మోడ్‌బస్. దాని పొందిక చూస్తే గంట కొట్టిన స్టేషన్ మాస్టరు నవ్వుకుని ఉండేవాడు. ఒక యజమాని, మిగతావాళ్లంతా జవాబుదార్లు. యజమాని అడిగితేనే జవాబు, అడక్కుండా ఎవరూ నోరెత్తరు. ఒక్కొక్కరికీ 1 నుంచి 247 లోపు ఒక నంబరు. సున్నా నంబరుతో పిలిస్తే అందరికీ దండోరా, దానికి ఎవరూ బదులివ్వరు.

తీగ మీద పోయే మాటను ఒకసారి దగ్గర్నుంచి చూడండి. ఒకటో నంబరు పరికరాన్ని ‘నీ దగ్గరున్న మొదటి రెండు రిజిస్టర్లు (విలువలు దాచుకునే గడులు) చెప్పు’ అని అడగాలంటే యజమాని పంపేది, అంకెలతో పాటు అక్షరాలూ వాడే హెక్సాడెసిమల్ రాతలో, ఇంతే: 01 03 00 00 00 02 సి4 0బి. ఎనిమిది బైట్లు. మొదటి 01 పరికరం నంబరు. 03 అంటే ‘చదివి చెప్పు’. తర్వాతి 00 00 ఎక్కడ మొదలుపెట్టాలో, 00 02 ఎన్ని కావాలో. చివరి రెండూ సీఆర్‌సీ అనే లెక్క. ముందున్న ఆరు బైట్లనూ ఒక సూత్రంలో వేసి తేల్చిన శేషం అది. దారిలో ఒక్క బిట్ తలకిందులైనా అవతలివాడు వేసే లెక్కకు ఇది సరిపోదు. అప్పుడు వాడు ‘తప్పు’ అని కూడా అనడు, ఊరుకుంటాడు. యజమాని కాసేపు చూసి మళ్లీ అడుగుతాడు.

సెకనుకు 9600 బిట్ల వేగంలో ఈ ప్రశ్న మొత్తం తీగ మీద పోవడానికి పట్టేది సుమారు 9 మిల్లీ సెకన్లు. ఒక మాట అయిపోయిందని ఎలా తెలుస్తుంది? పూర్ణవిరామం లేదు. మూడున్నర అక్షరాల సేపు తీగ మీద నిశ్శబ్దం ఉంటే మాట ముగిసినట్టు. ఆ వేగంలో అది 4 మిల్లీ సెకన్లు.

ఇక మోటారు ఆన్ చెయ్యమనే ఆజ్ఞ: 01 05 00 00 ఎఫ్‌ఎఫ్ 00 8సి 3ఎ. 05 అంటే ‘ఒక్క స్విచ్ వెయ్యి’, ఎఫ్‌ఎఫ్ 00 అంటే ఆన్. దీనికి రావలసిన జవాబేమిటో తెలుసా? అవే ఎనిమిది బైట్లు, ఒక్కటి కూడా మారకుండా. విన్న గంటను తిరిగి కొట్టడమే ఇది. ఆ ఇంజినీర్లు రైల్వే గంటల పట్టిక చూసి రాశారని నేను చెప్పడం లేదు. దూరాన ఉన్నవాడికి కబురు చేరిందని రూఢి చేసుకోవాలంటే ఎవరు ఆలోచించినా ఇక్కడికే వస్తారు.

తీగ సంగతి 1983లో తేలింది. ఆర్‌ఎస్-485. రెండు తీగలను మెలివేసి, ఒకదాని మీద వోల్టేజి పెరిగితే రెండోదాని మీద తగ్గేలా పంపుతారు. వినేవాడు ఆ రెండిటి తేడానే చూస్తాడు. పక్కనున్న పెద్ద మోటారు స్టార్టై రెండు తీగల మీదా ఒకే రకం గోల పడితే తేడా చెక్కుచెదరదు. దాంతో 1200 మీటర్ల దాకా, 32 పరికరాల దాకా ఒకే జత తీగ మీద కట్టొచ్చు. రెండు కొసల్లో 120 ఓముల రెసిస్టరు పెట్టాలి, లేకపోతే సిగ్నల్ కొస దాకా పోయి గోడకు కొట్టిన బంతిలా తిరిగొచ్చి వెనక వచ్చే బిట్‌ను చెడగొడుతుంది. తీగను ఒక పరికరం నుంచి ఇంకో పరికరానికి దండలా తీసుకెళ్లాలి. ఒకే చోట నుంచి నాలుగు దిక్కులా చీల్చకూడదు. ‘కమ్యూనికేషన్ పోయింది సార్’ అని ఫోన్ వచ్చిన చోటికి వెళ్లి చూస్తే సగం సార్లు ఉండేది ఇదే: రెసిస్టరు లేదు, లేదా తీగ చీల్చారు, లేదా ఏ, బీ తీగలు తారుమారు. తీగ చుట్టూ ఉండే షీల్డును రెండు వైపులా ఎర్తుకు కట్టేసినవాళ్లూ ఉంటారు.

అప్పట్లో మోడ్‌బస్ ఒక్కటే భాష కాదు. ఆలెన్-బ్రాడ్లీ వాళ్లకు డీఎఫ్1, డేటా హైవే ఉన్నాయి. సీమెన్స్‌కు సొంత పద్ధతులున్నాయి. ఆమ్రాన్‌ది హోస్ట్ లింక్. జర్మనీలో 1987లో 21 కంపెనీలు, సంస్థలు కలిసి మొదలుపెట్టిన పని ప్రొఫీబస్ అయింది. వేగంలోనూ పకడ్బందీలోనూ అది మోడ్‌బస్ కంటే చాలా మెరుగు. అయినా మోడ్‌బస్సే ఊరూరా పాకింది. కారణం పెద్ద రహస్యం కాదు. దాని పద్ధతి అంతా ప్రచురించేశారు, ఎవరు వాడుకున్నా రూపాయి అడగలేదు. పైగా ఒక సాయంత్రం కూర్చుని చదివితే ఒంటబట్టేంత చిన్నది. కరెంటు మీటరు చేసే చిన్న కంపెనీ కూడా దాన్ని తన చిప్పులో ఇరికించగలదు. 1999లో ఇదే భాషను ఈథర్‌నెట్ మీదికి ఎక్కించారు, 502 నంబరు పోర్టు ఇచ్చారు. మోడికాన్ చేతులు మారి చివరికి ష్నైడర్ దగ్గరికి చేరింది. వాళ్లు 2004లో భాష బాధ్యతను ఒక స్వతంత్ర సంఘానికి అప్పగించారు.

కుప్పం ఈ కొత్త సాంకేతికాలకు అపరిచితం కాదు. 1990ల చివర్లో ఇజ్రాయెల్ పద్ధతి డ్రిప్ సేద్యాన్ని ఇక్కడ చూపించారు. 2002 ఫిబ్రవరిలో హ్యూలెట్-ప్యాకార్డ్ కంపెనీ ఇక్కడే ఐ-కమ్యూనిటీ మొదలుపెట్టి, ఊళ్లలో సమాచార కేంద్రాలు తెరిచింది. దాని మీద విదేశీ విశ్వవిద్యాలయాల్లో వ్యాసాలు కూడా వచ్చాయి. మూడేళ్ల ప్రాజెక్టు అది, అయిపోయింది. అలాంటివి వస్తాయి, పోతాయి. నీళ్లు మోసే యంత్రాలు మాత్రం ఒకసారి వస్తే పాతికేళ్లుంటాయి కనక నాకు వాటి మీదే ఆసక్తి.

హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకం సంగతి తీసుకోండి. శ్రీశైలం వెనక జలాల్లో మల్యాల దగ్గర నీళ్లెత్తడం మొదలుపెట్టి, మెట్టు మీద మెట్టుగా ఎత్తిపోస్తూ, అనంతపురం దాటి, పుంగనూరు బ్రాంచి కాలువ మీదుగా కుప్పం బ్రాంచి కాలువలోకి తేవాలి. కుప్పం బ్రాంచి ఒక్కటే 123 కిలోమీటర్ల పైచిలుకు. 2025 ఆగస్టులో కృష్ణా నీళ్లు 700 కిలోమీటర్లకు పైగా నడిచి పరమసముద్రం చెరువుకు చేరాయి. అంత దూరాన ఎక్కడో ఒక పంపుహౌస్‌లో మోటార్లు ఆగితే కిందివాళ్లకు అది తెలిసేది గంటల తర్వాత కాలువలో మట్టం పడిపోయాకే. అందుకే ఇలాంటి వరస ఎత్తిపోతల్లో పంపుహౌస్‌ల మధ్య కబురు నడవాలి.

ఒక పంపుహౌస్‌లో సాధారణంగా ఏముంటాయి? సంప్‌లో నీటి మట్టం చెప్పే సెన్సరు, మోటారు స్టార్టరు, వైండింగు వేడి చూసే పరికరం, కరెంటు మీటరు, వీటన్నిటినీ అడిగి నిర్ణయం తీసుకునే పీఎల్‌సీ. నాలుగు కంపెనీల సరుకు. అందరికీ వచ్చిన భాష మోడ్‌బస్. ఇక్కడ అసలు కథ మొదలవుతుంది.

కరెంటు మీటరు 230 వోల్టులు చూపిస్తోంది అనుకోండి. ఆ సంఖ్యను దశాంశంతో సహా పంపడానికి చాలా మీటర్లు ఒకటి కాదు, రెండు రిజిస్టర్లు వాడతాయి. దశాంశ సంఖ్యలకు వాడే ప్రమాణం ప్రకారం 230ని రాసి, పై సగం ముందు పెడితే మొదటి రిజిస్టరులో 17254, రెండోదాంట్లో 0 వస్తాయి. పీఎల్‌సీ ప్రోగ్రాం రాసినతను మొదటిదాన్ని ఒక్కటే చదివితే మానిటర్ మీద 17254 వోల్టులని పడుతుంది. రెండూ చదివి వరస తిరగేస్తే దాదాపు సున్నా వస్తుంది. మీటరుదీ తప్పు లేదు, తీగదీ తప్పు లేదు. సీఆర్‌సీ సరిపోయింది. కబురు అక్షరం పొల్లుపోకుండా చేరింది. అర్థం మాత్రం చేరలేదు.

ఇంకో తిరకాసు. కంపెనీ పుస్తకంలో 40001 అని రాస్తే తీగ మీద దాని చిరునామా 0. కొందరు పుస్తకంలోనే 0 అని రాస్తారు, ఇంకొందరు 1 అంటారు. ఒకటి అటూ ఇటూ అయిందంటే వోల్టేజి గడిలో ఆంపియర్లు కనపడతాయి. ఈ ఒక్క అంకె దగ్గర మధ్యాహ్నం భోజనం మానుకుని కూర్చున్న కుర్రాళ్లు ప్రతి సైటులోనూ ఉంటారు.

ఎందుకిలా? మోడ్‌బస్ ఎలా అడగాలో చెప్పింది, ఎలా జవాబివ్వాలో చెప్పింది. ఏడో రిజిస్టరులో ఉన్నది నీటి మట్టమా, నూనె వేడా, మోటారు తిరిగిన గంటలా అన్నది మాత్రం ఎవరిష్టానికి వాళ్లను వదిలేసింది. 1979లో అది తెలివైన పనే, అందుకే ఏ పరికరానికైనా సరిపోయింది. ఆ ఖాళీని నింపే కాగితం పేరు రిజిస్టర్ మ్యాప్. మాట రావడం వేరు, సంగతి తెలియడం వేరు అని తెలుగు, తమిళం, కన్నడం మూడూ మాట్లాడే గుడుపల్లె వాళ్లకు నేను చెప్పాలా?

మీటరు మ్యాపు మీటరు కంపెనీ పుస్తకంలో దొరుకుతుంది. పీఎల్‌సీ మ్యాపు అలా దొరకదు. దాన్ని ప్రోగ్రాం రాసినతను తన మనసులో అనుకున్నట్టు వేసుకుంటాడు. పని అప్పగించిన రోజున కాంట్రాక్టరు ఫైలు ఇస్తే ఉంటుంది, లేకపోతే అతని ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది. అయిదేళ్ల నిర్వహణ గడువు అయిపోయి కాంట్రాక్టరు వెళ్లిపోయాక ఒక సెన్సరు కాలిపోతే, కొత్త సెన్సరు కొనడం తేలిక, దాన్ని ఏ గడిలో కలపాలో తెలియడమే కష్టం. చివరికి బాగున్న పీఎల్‌సీని కూడా పీకేసి కొత్తది పెడతారు. ఇది సాంకేతిక లోపం కాదు, అప్పగింతలో లోపం. రెండిటికీ తేడా పెట్టకుండా ‘ఆటోమేషన్ మనకు పనికిరాదు’ అని తేల్చేయడం మన దగ్గర బాగా అలవాటైంది, అది సరికాదు.

ఈ భాషకు మరో బలహీనత ఉంది. అడిగినవాడు ఎవరని అది అడగదు. తీగ పట్టుకున్న ఎవరు ఆజ్ఞ ఇచ్చినా పాటిస్తుంది. షెడ్డులో జత తీగ మీద ఉన్నన్నాళ్లూ తలుపుకు తాళం వేస్తే సరిపోయేది. ఇంటర్నెట్‌కు తగిలించాక సరిపోదు. 2024 జనవరిలో ఉక్రెయిన్‌లోని ల్వీవ్ నగరంలో గడ్డకట్టే చలిలో 600కు పైగా అపార్ట్‌మెంటు భవనాలకు వేడినీళ్లు, వెచ్చదనం దాదాపు రెండు రోజులు అందలేదు. ఎవరో దూరం నుంచి కంట్రోలర్లకు మోడ్‌బస్ ఆజ్ఞలు పంపి తప్పుడు కొలతలు చూపించేలా చేశారు. దానికి వాడిన హానికర ప్రోగ్రాంకు పరిశోధకులు ఫ్రాస్టీగూప్ అని పేరు పెట్టారు. అందులో మోడ్‌బస్‌ను బద్దలుకొట్టాల్సిన పనే రాలేదు. మామూలుగా అడిగారు, అది మామూలుగా చేసింది. ఎత్తిపోతల పథకాలకు సిమ్‌కార్డు మోడెములు పెట్టేవాళ్లు ఈ ఒక్క సంగతి ముందుగా చదవాలి.

రక్షణకు దారులున్నాయి, తాళంతో వచ్చే కొత్త మోడ్‌బస్ కూడా ఉంది, వచ్చే వారం ఆ ముచ్చట. ఈ వారానికి మీకు ఒక పని అప్పజెబుతాను.

మీ ఊళ్లో రక్షిత మంచినీటి పథకం ఉండొచ్చు, ఎత్తిపోతల పంపుహౌస్ ఉండొచ్చు, పాల శీతలీకరణ కేంద్రం ఉండొచ్చు. మీరు పంచాయతీ సభ్యులో, నీటి సంఘం వాళ్లో, అక్కడ పనిచేసే ఆపరేటరో అయితే ఒకసారి ప్యానెల్ బోర్డు తలుపు తీయించి లోపలివైపు చూడండి. అక్కడ పరికరాల నంబర్లు, వేగం, ప్యారిటీ, ఏ రిజిస్టరులో ఏముందో రాసిన కాగితం ప్లాస్టిక్ కవరులో అతికించి ఉందా? లేకపోతే బిల్లు చివరి విడత ఇవ్వకముందే అడగండి. తెలుగులో రాసిమ్మనండి. ప్రోగ్రాం కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో తీసుకుని కార్యాలయం బీరువాలో పెట్టించండి. కొత్త టెండరు రాసే ఇంజినీర్లు ఈ కాగితాన్ని అప్పగింత షరతుల్లో ఒక వాక్యంగా చేర్చాలి, దానికి ఒక్క రూపాయి అదనపు ఖర్చు లేదు. రైల్వేవాళ్లు గంటల పట్టికను గోడకు ఎక్కించమని రూలే పెట్టారు. నీళ్లకు అంతకంటే తక్కువ జాగ్రత్త చాలదు.